గుమ్మళ్ళ వారి కంప్యూటర్ కాపలా

“ఈ కంప్యూటర్‌లోంచి ఒక్క అక్షరం పోయిందా, నా మీసం తీయించేస్తాను! ఇదే నా మాట!”

గుమ్మళ్ళ గవర్రాజు ఈ మాట తన వీధి అరుగు మీద నిలబడి, పదిమందీ వింటుండగా అన్నాడు. తర్వాత అక్షరాలు పోయాయి, మాటా పోయింది. మీసం మాత్రం ఇవాళ్టికీ ఆయన మూతి మీదే భద్రంగా ఉంది. అదెలాగో వినండి.

కోనసీమలో ఓ పల్లెటూళ్ళో గవర్రాజు కాపురం. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ గుండిగలూ గంగాళాలూ అద్దెకివ్వడం ఆ ఇంటివాళ్ళ పని. తెలివిని కూడా అద్దెకిచ్చేవాళ్ళే గానీ ఊళ్ళో ఎవరూ అడగలేదు. అందుకని దాన్ని ఇంట్లోనే వాడుకునేవారు.

“మా ఇంట్లో చెప్పింది చెప్పినట్టు చేస్తాం. అదే మా తెలివి” అనేది గవర్రాజు భార్య వీరమణి.

ఆ మాట నిజం. గవర్రాజు తమ్ముడు అబ్బులు ఓసారి పెళ్ళివారింటికి గుండిగలు తోలాడు. “కాస్త నిలబడవయ్యా, సాయంత్రం తిరిగిచ్చేస్తాం” అన్నారు వాళ్ళు. అంతే. అబ్బులు పొద్దుట్నించీ నిలబడే ఉన్నాడు. విస్తరి వేసి కూర్చోమన్నా కూర్చోలేదు. అప్పడం, పులిహోర, పెరుగన్నం, అన్నీ నిలబడే తిన్నాడు. ఇంటికొచ్చాక కాళ్ళు వాచిపోతే అన్నగారు వీపు తట్టి, “మాటంటే అదిరా!” అన్నాడు.

ఇంతమంది తెలివైనవాళ్ళలో మరీ తెలివైనవాడు గవర్రాజు కొడుకు శరభం. డిగ్రీ చదివాడు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ చదివాడు. గోడల మీద కనబడ్డ నినాదమల్లా కంఠతా పట్టాడు. పొయ్యి మీద పాలు విరిగిపోతే, “ఇది వ్యవస్థ వైఫల్యం!” అనేవాడు. ఆవకాయలో ఉప్పెక్కువైతే, “మౌనంగా తినడం కూడా నేరమే!” అని కంచం ముందు పిడికిలి ఎత్తేవాడు. ‘నిప్పుకణిక’ అని కలంపేరు పెట్టుకుని ‘నిప్పుల వాన’ అని ఓ నాటకం రాశాడు. నాలుగేళ్ళ కోపం అందులో పోశాడు. అదంతా ఇంట్లోని కంప్యూటర్‌లోనే ఉంది.

పక్క పట్నంలో నాటకాల పోటీలు పెట్టారు. మార్చి ఇరవయ్యో తేదీలోగా రాతప్రతి అందాలి.

గవర్రాజు కొడుకుని కూర్చోబెట్టి తేల్చి చెప్పేశాడు. “ఒరేయ్ శరభం, ఈసారి నాటకం ఆడితే నువ్వు రచయితవి. నేనే అందరికీ చెప్పుకుంటాను. ఆడలేదా, ఇరవై ఒకటో తేదీ పొద్దున్నించి బాబాయితో కలిసి గుండిగలు తోమాలి. బతుకంతా అదే.”

శరభానికి గుండిగలంటే గౌరవమే. శ్రమ గొప్పదని ఎన్నోసార్లు రాశాడు కూడా. కానీ తోమడమంటే వణుకు. అందుకే ఆ నాటకాన్ని కంటికి రెప్పలా చూసుకోవాలని, పట్నంలో కంప్యూటర్ల కొట్టు పెట్టుకున్న చిట్టిబాబుని పిలిపించాడు.

చిట్టిబాబు వచ్చి యాంటీవైరస్ వేసి, టీ తాగుతూ జాగ్రత్తలు చెప్పాడు. “చూడండి గవర్రాజు గారూ, ఈ యాంటీవైరస్ మీ ఇంటికి కాపలా కుక్క లాంటిదండి. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి, ఎక్కడా రాయకండి. తెలియనివాళ్ళు పంపింది తెరవకండి. కంప్యూటర్ తన మరమ్మతు తను చేసుకుంటానని అడిగితే సరే అనండి. అన్నిటికీ ఓ కాపీ తీసి ఈ పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇది పోకుండా చూసుకోండి. అంతేనండి.”

“ఆయ్! తు.చ. తప్పం” అన్నాడు గవర్రాజు. అందర్నీ బయటికి పంపేసి, బాగా ఆలోచించి, పాస్‌వర్డ్ పెట్టాడు. దేవుడి పటం ముందు కర్పూరం వెలిగించి, ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాడు. ఆ ఊపులోనే అరుగు మీదికెళ్ళి మీసం మాట అనేశాడు.

మర్నాడు శరభం కంప్యూటర్ వేశాడు. అది పాస్‌వర్డ్ అడిగింది.

“నాన్నా, పాస్‌వర్డ్ కొట్టు.”

గవర్రాజు తెర వంక అనుమానంగా చూశాడు. “చూశావా దీని వేషాలు! నోట్లోంచి రాబట్టాలని చూస్తోంది. చెప్పను.”

“దీనికి చెబితేనే కదా నాన్నా తెరుచుకుంటుంది!”

“ఎవరికీ చెప్పొద్దన్నాడా లేదా? ఇది ‘ఎవరు’లోకి రాదా? పొద్దస్తమానం బయటి ప్రపంచంతో మాట్లాడేది ఇదేగా! దీనికంటే నోరు జారేవాళ్ళు ఎవరున్నారు?”

ఇంకేముంది! వారమంతా కంప్యూటర్ అడుగుతూనే ఉంది, గవర్రాజు చెప్పనంటూనే ఉన్నాడు. చివరికి చిట్టిబాబు ఫోన్‌లో, “దానికి చెప్పొచ్చండి బాబూ, దానికి చెప్పొచ్చు!” అని మొత్తుకుంటే అప్పుడు ఒప్పుకున్నాడు. అది కూడా గొంగళి కప్పుకుని, లోపల చెయ్యి పెట్టి కొట్టాడు.

శరభానికి ఒళ్ళు మండింది. “ఒక్కరి గుప్పెట్లో తాళంచెవి ఉంటే దాన్ని నియంతృత్వం అంటారు! అధికారం అందరికీ పంచాలి!”

“పంచుదాం. దానికి అరవడం ఎందుకు?” అంది వీరమణి.

పంచారు. నలుగురూ తలా ఓ ముక్క పెట్టుకున్నారు. ఒకరి ముక్క ఒకరికి తెలియదు. పొద్దున్నే నలుగురూ వరసలో నిలబడేవారు. ఒకరు కొడుతుంటే మిగిలిన ముగ్గురూ గోడకేసి తిరిగేవారు. శరభం ఆ దృశ్యం చూసి, అంటే గోడ చూసి, “ఇదీ ప్రజాస్వామ్యం” అని పొంగిపోయాడు.

ఆ ప్రజాస్వామ్యం అబ్బులు కాకినాడ పెళ్ళికి గుండిగలు తోలేదాకా సాగింది. మర్నాడు పొద్దున్న ముగ్గురూ వచ్చారు, మూడు ముక్కలూ పడ్డాయి. నాలుగోది కాకినాడలో ఉంది. శరభం ఫోన్ చేశాడు.

“బాబాయ్, నీ ముక్క చెప్పు.”

“ఎవరికీ చెప్పొద్దన్నాడు కదరా!”

“నేను నీ అన్న కొడుకుని!”

“అన్న కొడుకువే. కానీ అబ్బులువి కాదుగా!”

అంతే. అబ్బులు పెళ్ళివారిని ఉండమని చెప్పి బస్సెక్కాడు. ఇంటికొచ్చి, గొంగళి కప్పుకుని, తన ముక్క కొట్టి, మంచినీళ్ళు తాగి మళ్ళీ బస్సెక్కాడు. ఆయన కాకినాడ చేరేసరికి ఇక్కడ కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది.

అబ్బులు మళ్ళీ వచ్చాడు. ఈసారి ఆయన వెనకే పెళ్ళివారు కూడా వచ్చారు, గుండిగల మూతలేవని అడుగుతూ.

“ఇలా కాదు గానీ అన్నయ్యా, ఇంక దీన్ని తెరిచే ఉంచేద్దాం. మూస్తేనే కదా పాస్‌వర్డ్ గొడవ! పాస్‌వర్డే లేకపోతే ఎవడికి చెబుతాం?” అన్నాడు అబ్బులు, కాళ్ళు పిసుక్కుంటూ.

“నా తమ్ముడు!” అన్నాడు గవర్రాజు, గర్వంగా. పాస్‌వర్డ్ తీసేశారు. ఇక ఎవరూ చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

పెన్‌డ్రైవ్ సంగతి అబ్బులు ముందే చూసుకున్నాడు. అది పోకూడదు కదా! అందుకని దాన్ని కంప్యూటర్‌కే గుచ్చి, ఊడిపోకుండా పురికొసతో గట్టిగా కట్టేశాడు. “తల్లి దగ్గర పిల్ల ఉన్నట్టుంది” అని వీరమణి దానికో బొట్టు కూడా పెట్టింది.

ఇలా అన్ని జాగ్రత్తలూ అయ్యాక, ఓ రోజు కంప్యూటర్‌లోకి ఒక శుభలేఖ వచ్చింది. ‘మా ఇంట పెళ్ళి. కార్డు తెరిచి చూడగలరు’ అని ఉంది. పంపిందెవరో తెలియదు.

గవర్రాజు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగండి! తెలియనివాళ్ళు పంపింది తెరవకూడదు.”

“అయ్యో, శుభలేఖ వస్తే కాదంటామా! ఇంటికొచ్చిన పసుపూ కుంకుమా కాళ్ళతో తోసినట్టే” అంది వీరమణి.

“మరి తెలియనివాళ్ళు కదే!”

“తెలుసుకుంటే తెలిసినవాళ్ళవుతారు. దానికేముంది!”

ఆ మాటకి అందరూ ఆవిడ తెలివిని మెచ్చుకున్నారు. శరభం కూర్చుని రాశాడు. ‘అయ్యా, మీరెవరో మాకు తెలియదు. అందుకే తెరవలేకపోతున్నాం. మీ ఇంటిపేరు, గోత్రం, ఊరు రాస్తే తెలుసుకుని తెరుస్తాం.’

జవాబు టీ చల్లారేలోపే వచ్చింది. ‘మేం మీ బంధువులం. వెంటనే తెరవండి.’

“ఇంటిపేరు రాయలేదేం?” అన్నాడు అబ్బులు.

వీరమణి కాసేపు ఆలోచించి, ఒక్కసారిగా నెత్తి కొట్టుకుంది. “అలిగారండీ! ‘మమ్మల్నే మర్చిపోయారా, గోత్రం అడుగుతారా’ అని అలిగారు. అందుకే రాయలేదు.”

“ఐతే బంధువులేనంటావా?”

“పరాయివాళ్ళు అలుగుతారేంటండీ! అలిగారంటే బంధువులే. అందులోనూ మగపెళ్ళివారు.”

ఇక సందేహం లేకపోయింది. శరభం కూడా, “అనుమానం మనుషుల్ని విడదీస్తుంది. తలుపులు తెరిచే చెయ్యే చరిత్ర రాస్తుంది” అని ఆ తలుపు మీద నొక్కాడు.

వెంటనే యాంటీవైరస్ ఎర్రగా ఓ డబ్బా చూపించి అరిచింది. ప్రమాదం అంది. తెరవద్దంది.

“చుట్టాలొస్తే అలాగే అరుస్తుంది. కట్టెయ్యరా! కుక్కని వదిలేసి చుట్టాల్ని లోపలికి రమ్మంటామా? మర్యాదేనా?” అన్నాడు గవర్రాజు.

శరభం వెతికి వెతికి యాంటీవైరస్‌ని ఆపేశాడు. అప్పుడు కంప్యూటర్ స్వయంగా ఇంకోసారి అడిగింది, దీనివల్ల హాని జరగొచ్చు, అయినా తెరవమంటారా అని.

“అడిగితే సరే అనమన్నాడు చిట్టిబాబు” అని గుర్తుచేశాడు అబ్బులు.

సరే అన్నారు. వీరమణి పసుపు గిన్నె పట్టుకుని నిలబడింది, కార్డు రాగానే తెరకి నాలుగు మూలలా రాద్దామని.

కార్డు రాలేదు. తెర ఒక్కసారి మినుకుమంది. ఒక్కొక్క ఫైలు పేరూ వంకరటింకరగా మారిపోయింది. ఆ తర్వాత తెరంతా నల్లబడి, ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. శరభం చదివాడు.

“మీ ఫైళ్ళన్నిటికీ తాళం వేశాం. తాళంచెవి మా దగ్గరుంది. కావాలంటే కింది చిరునామాకి రాయండి...”

“ముహూర్తం ఎప్పుడని ఉందిరా?” అంది వీరమణి.

శరభం ‘నిప్పుల వాన’ తెరవబోయాడు. తెరుచుకోలేదు. పురికొస విప్పకుండానే పెన్‌డ్రైవ్‌లో చూశాడు. తల్లికి పడ్డ తాళమే పిల్లకీ పడింది.

చిట్టిబాబు పరుగున వచ్చాడు. చూశాడు, నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. “ఇదేం పనండీ! కాపీ దాచుకోమంటే దీనికే కట్టేస్తారా?”

“నువ్వు పోకుండా చూసుకోమన్నావు. పోయిందా? అదిగో, ఉంది” అన్నాడు అబ్బులు.

“తాళం తీయరాదా బాబూ?” అన్నాడు గవర్రాజు.

“తీయడమా! ఇలాంటి తాళం నేనే కాదండి, ప్రపంచంలో ఏ మొనగాడూ తీయలేడు. అంత గట్టిది. వేసినవాడి దగ్గరుండే చెవి తప్ప వేరే దారి లేదు. వాడు అడిగినంత డబ్బిచ్చినా తీస్తాడని నమ్మకం లేదు. ఆ నాటకం మీద ఆశ వదులుకోండి. మొత్తం తుడిచి, మళ్ళీ మొదట్నించీ వేసిస్తాను.”

తుడిచాడు, వేశాడు, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అరుగు మీద చేరినవాళ్ళు ఊరుకుంటారా! “గవర్రాజూ, మంగలిని పిలవమంటావా?” అని మొదలుపెట్టారు.

గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. “దేనికీ? ఒక్క అక్షరం పోతే తీయించేస్తానన్నాను. ఒక్కటి పోయిందా? లేదే! అన్నీ పోయాయి. అన్నీ పోతే తీయిస్తానని నేను అన్నానా? ఎవరైనా విన్నారా?”

ఎవరూ వినలేదు. మీసం బతికిపోయింది.

శరభం మాత్రం పెరట్లోకెళ్ళి ఓ గుండిగ ముందు కూర్చున్నాడు. పీచు చేతిలోకి తీసుకుని చూశాడు. నాలుగేళ్ళ కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. మళ్ళీ రాద్దామంటే ఒక్క వాక్యం గుర్తురావడం లేదు. అదంతా కోపంలో రాశాడు, ఇప్పుడేమో దుఃఖంలో ఉన్నాడు.

వీరమణి వచ్చి పక్కన కూర్చుంది. “ఒరేయ్, నీకు గుర్తులేకపోతే మాకు లేదూ? సంక్రాంతి వెళ్ళిన దగ్గర్నుంచీ మా చేత వేషాలు కట్టించి బట్టీ వేయించావు కదరా! మీ నాన్న దొర, మీ బాబాయి కూలి, నేను కూలి తల్లిని. మా మాటలు మా నోట్లోనే ఉన్నాయి. ఏ దొంగ తీసుకెళ్తాడు?”

శరభం చేతిలో పీచు జారిపోయింది. “అమ్మా! ప్రజల నోటిలో ఉన్నదాన్ని ఎవరూ దోచుకోలేరు!”

“అదేరా నేను చెప్పేది. లే, అన్నం తిని మొదలెడదాం.”

మొదలెట్టారు. గవర్రాజు హాలు మధ్యలో నిలబడి దొరలా చెప్పేవాడు, శరభం కంప్యూటర్ ముందు కూర్చుని టైపు కొట్టేవాడు. చెప్పింది చెప్పినట్టు కొట్టేవాడు. నటుడి నోట్లోంచి వచ్చిన మాట ఒక్కటి కూడా పోకూడదని పట్టుదల.

“ఒరేయ్ కూలీ! ఈ భూమి నాది! ఈ కాలువ నీళ్ళు నావి! నీ చెమట కూడా నాదే! వీరమణీ, పొయ్యి మీద పాలు చూశావా?”

శరభం అదీ కొట్టాడు.

“దొరా! మా ఆకలికి అంతం లేదా? మా... మా... తర్వాతేంట్రా శరభం? ఆగు, నడుం పట్టేసింది, అబ్బా!” అన్నాడు అబ్బులు. అదీ పడింది.

“నా కొడుకు రక్తం మీ గడప తడిపింది దొరా! ఏవండీ, పాలు పొంగిపోయాయి, నా వల్ల కాదు” అంది వీరమణి. అదీ పడింది.

అంతా అయ్యాక శరభం మొదట్నించీ చదివాడు. చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. “చూశారా! దొరకి పాల మీదున్న ధ్యాస మనుషుల మీద లేదు! కూలివాడి నడుం అసలైన చోటే విరిగింది! తల్లి ఏడవడానికి కూడా పొయ్యి వదలడం లేదు! నేను రాసిందానికంటే ఇదే గొప్పగా ఉంది!”

అందరూ ఒకర్నొకరు మెచ్చుకున్నారు. నాటకం తిరిగొచ్చింది. కానీ పోటీవాళ్ళు రాతప్రతులు తీసుకోవడం ఇంకా మొదలుపెట్టలేదు. అందాకా దీన్ని కాపాడాలి. ఈసారి పోతే మళ్ళీ చెప్పడానికి అబ్బులు నడుం ఒప్పుకోదు.

“గట్టి చోట దాచాలి” అన్నాడు గవర్రాజు, మీసం మెలేస్తూ. “మనింట్లో ఉంటేనే కదా దొంగ పడేది! మనింట్లో ఉండకూడదు.”

“చిట్టిబాబు దగ్గర పెడదామా అన్నయ్యా?”

“చిట్టిబాబా! తాళం తీయడం చేతకాక తుడిచిపారేసినవాడు! వాడి తాళం ఎంత గట్టిదో దేవుడికెరుక.”

వీరమణి పాల గిన్నె తోముతూ ఆగింది. “ఏవండీ, ప్రపంచంలో ఏ మొనగాడూ తీయలేడని చిట్టిబాబే అన్నాడుగా, ఆ తాళం...”

నలుగురి మొహాలూ ఒకేసారి వెలిగాయి.

“అంత గట్టి తాళం వేసేవాడు మనకి తెలిసినవాడై ఉండగా, మనం ఊరంతా వెతుక్కోవడమేంటి!” అన్నాడు అబ్బులు.

“పైగా బంధువులు” అంది వీరమణి.

అంతే. ఎర్ర అక్షరాల కింద ఉన్న చిరునామాని శరభం ముందే ఓ కాగితం మీద ఎక్కించి పెట్టుకున్నాడు, ఎప్పటికైనా తిట్టాలని. ఇప్పుడు అది పనికొచ్చింది. కొత్త ‘నిప్పుల వాన’ని ఆ చిరునామాకి పంపాడు. దొంగలకి ఆనవాలు చిక్కకుండా ఇంట్లో ఉన్న ప్రతిని తుడిచేశాడు, పంపినట్టున్న గుర్తుని కూడా తుడిచేశాడు. నాటకంతోపాటు రాసిన ఉత్తరాన్ని, పంపేముందు, ఇంటిల్లిపాదికీ నిలబడి చదివి వినిపించాడు.

‘తాళం వేసిన అయ్యగారికి,

మీరు చేసింది ఘోరం. సృజనకి సంకెళ్ళు వేసిన మీ చేతిని చరిత్ర క్షమించదు. అయితే ఆ చేతి పనితనం గొప్పదని మా ఊరి నిపుణులు ఒప్పుకున్నారు. ప్రతిభ ఎక్కడున్నా గుర్తించడం మా సిద్ధాంతం.

ఇందువెంట నా నాటకం పంపుతున్నాను. ఇది ఒక్కటే ప్రతి. దీనికి కూడా వెనకటిలాగే, ఎవరూ తీయలేని తాళం వేసి ఉంచగలరు. తాళంచెవి మాకు పంపవద్దు, మావాళ్ళు ఎక్కడో పెట్టి మర్చిపోతారు. అది మీ దగ్గరే ఉంచుకోండి. వెనకటిసారి వేసినంత గట్టిగా వేయకపోతే మాత్రం ఊరుకునేది లేదు. మీ ఇంట పెళ్ళి బాగా జరిగిందని తలుస్తాం. మా అమ్మ అక్షింతలు వేసినట్టే అనుకోమంది.

తాళం పడిందో లేదో మార్చి పంతొమ్మిదో తేదీ సాయంత్రం ఐదు గంటలలోగా జవాబివ్వాలి. ఇది విన్నపం కాదు, డిమాండ్. ఆ గడువు దాటితే ఈ పని మీకంటే గట్టి దొంగకి అప్పగిస్తాం.’